కువైట్‌లో మన రాయబార కార్యాలయం ఎప్పటిది? కడప వాళ్లకు దానితో అంత పని ఎందుకు?

కువైట్ 1961లో స్వతంత్ర దేశమైంది. వెంటనే దౌత్య సంబంధాలు పెట్టుకున్న తొలి దేశాల్లో భారత్ ఒకటి. అంతకుముందు అక్కడ మన తరఫున ట్రేడ్ కమిషనర్ (వాణిజ్య ప్రతినిధి) ఉండేవారు. నిజానికి బంధం ఇంకా పాతది: ముత్యాలు, ఖర్జూరం బొంబాయికి వచ్చేవి, ఓడలకు కలప మలబారు నుంచి వెళ్లేది. 1961 దాకా కువైట్‌లో చెల్లింది మన రూపాయే! కువైట్ జీతం దినార్లలో లెక్కపెట్టుకునే రాజంపేట, రాయచోటి కుటుంబాలకు ఇది తప్పక తెలియాలి.

అసలు పరీక్ష 1990 ఆగస్టులో ఇరాక్ దండెత్తినప్పుడు వచ్చింది. సుమారు 1,70,000 మంది భారతీయులను ఎక్కువగా అమ్మాన్ మీదుగా విమానాల్లో స్వదేశానికి చేర్చారు. అంత పెద్ద తరలింపు ప్రపంచంలోనే అరుదు.

2024 డిసెంబరులో ప్రధాని పర్యటనతో సంబంధం వ్యూహాత్మక భాగస్వామ్య స్థాయికి చేరింది. 1981లో ఇందిరాగాంధీ తర్వాత భారత ప్రధాని అక్కడికి వెళ్లడం అదే మొదలు.

ఇళ్లలో పనికి వెళ్లే మన ఆడవాళ్లకు మాత్రం రాయబార కార్యాలయం అంటే ఒప్పందపత్రంపై ధ్రువీకరణ, పాస్‌పోర్టు యజమాని దగ్గర చిక్కుకుంటే స్వదేశానికి చేర్చే అవుట్‌పాస్ (తాత్కాలిక ప్రయాణ పత్రం). అందుకే వెళ్లేముందు ఒప్పందపత్రం, పాస్‌పోర్టు రెండింటి నకళ్లూ ఇంట్లో ఉంచి వెళ్లండి.