ఇంట్లో వసపిట్ట, బడిలో మౌనం: మా అమ్మాయి నోరు విప్పడానికి మేం ఏం చేశాం

మీ పాపకు ఆరేళ్లు, ఒకటో తరగతి. ఇంట్లో పొద్దస్తమానం కబుర్లే. బడిలో మాత్రం రెండో ఏడాది నడుస్తున్నా టీచర్‌తో గానీ పిల్లలతో గానీ ఒక్క మాట లేదు. టీచర్ మొండితనం అంటున్నారు, స్పెషల్ స్కూల్ ఏదైనా చూసుకోమని యాజమాన్యం చెప్పింది. మీ అత్తగారు నాలుకకు వస రాయమంటున్నారు. బడిలో మాట్లాడితే సైకిల్ కొనిస్తామని మీరు చెప్పి చూశారు, ఫలితం లేదు. ఇప్పుడేం చేయాలన్నది మీ ప్రశ్న. మా అమ్మాయి విషయంలో ఇంచుమించు ఇవన్నీ చూశాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

దీన్ని సెలెక్టివ్ మ్యూటిజం అంటారు. మీ పాప మాట్లాడనని పట్టుబట్టి కూర్చోలేదు, ఆ చోట ఆమెకు మాట పెగలడం లేదు. ఎదుటివాళ్లు తన జవాబు కోసం చూస్తున్నారని తెలియగానే భయం కమ్మేసి గొంతు పట్టేస్తుంది. మా అమ్మాయికి బడి గేటు దాటగానే ముఖంలో నవ్వు కూడా పోయేది. మెడ బిగుసుకునేది, పేరు పెట్టి పిలిస్తే తల తిప్పడానికి కూడా కష్టపడేది. తెలియనివాళ్లకు అది పొగరులా కనిపిస్తుంది. ఈ పిల్లలు అన్ని తిట్లు తినేది అందుకే. మానసిక వైద్యులు వాడే డీఎస్ఎమ్-5 అనే అమెరికన్ గ్రంథం 2013లో దీన్ని ఆందోళన సమస్యల కిందికి తెచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి ఐసీడీ-11లో కూడా ఇది ఆ వరుసలోనే ఉంది. టీచర్‌తో మాట్లాడేటప్పుడు ఈ సంగతి మాకు బాగా పనికొచ్చింది. తండ్రి కూతుర్ని వెనకేసుకొస్తున్నాడని అనుకోకుండా, వైద్యులు చెప్పిన విషయంగా విన్నారు.

మీడియం సంగతి కూడా చూసుకోండి. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు అయితే కొత్తలో పిల్లలు కొంతకాలం మాట్లాడకుండా వింటూ ఉండటం మామూలే. డాక్టర్లు కూడా బడిలో చేరిన మొదటి నెలను లెక్కలోకి తీసుకోరు, భాష రాక ఊరుకుంటే దాన్ని ఈ సమస్య అనరు. నేను గమనించిన తేడా ఏమిటంటే, ఇంగ్లీషు రాని పిల్ల ఆటల పీరియడ్‌లో పక్కపిల్లతో తెలుగులో గొడవైనా పడుతుంది. మా అమ్మాయి బడిలో తెలుగు మాత్రమే మాట్లాడే ఆయాతో కూడా నోరు విప్పేది కాదు. మీ పాప కూడా అలాగే ఉంటే ఇక ఆగకండి. పెద్దయితే అదే పోతుందని చాలామంది ధైర్యం చెబుతారు. కొందరికి పోతుంది కూడా. కానీ ఏళ్లు గడిచేకొద్దీ మౌనం అలవాటుగా గట్టిపడుతుంది, చుట్టూ ఉన్నవాళ్లు కూడా ఆ పిల్ల మాట్లాడదని ఖాయం చేసుకుంటారు. చిన్న వయసులో మొదలుపెడితే పని తేలిక.

డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు ఫోన్‌లో వీడియోలు తీసుకోండి. పాప ఇంట్లో తమ్ముడితో ఆడుతున్నప్పుడు, అన్నం తింటూ కబుర్లు చెబుతున్నప్పుడు, తనకు తెలియకుండా. డాక్టర్ గదిలో కూడా ఆమె మాట్లాడదు కాబట్టి, మాట ఎంత స్పష్టంగా ఉందో వాళ్లకు చూపించే దారి అదొక్కటే. ముందు వినికిడి పరీక్ష చేయిస్తారు. మాటల్లో లోపం, ఆటిజం లాంటివి కూడా ఉన్నాయేమో చూస్తారు, కొందరు పిల్లల్లో రెండూ కలిసి ఉండొచ్చు. పిల్లల సైకాలజిస్టును ఎంచుకునేటప్పుడు క్లినికల్ సైకాలజిస్టుగా ఆర్‌సీఐ, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు. డబ్బు ఇబ్బంది ఉంటే జిల్లా ఆసుపత్రుల్లోని డైక్ కేంద్రాలు, అంటే పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే కేంద్రాలు, మొదటి పరీక్షలకు పనికొస్తాయి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు, దగ్గర్లో ఎక్కడికి వెళ్లాలో చెబుతారు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో పిల్లలకు ప్రత్యేక విభాగం ఉంది. మందులు అందరికీ అవసరం పడవు. పద్ధతిగా ప్రయత్నించినా కదలిక లేనప్పుడు, లేదా పిల్ల కాస్త పెద్దదైనప్పుడు, సైకియాట్రిస్టు ఫ్లూయోక్సెటిన్ లాంటిది రాయొచ్చు. అది వాళ్లు దగ్గరుండి చూసుకుంటూ ఇవ్వాల్సిన మందు. మాకు ఆ అవసరం రాలేదు.

ఇక బడి. ఇదంతా గెలవాల్సింది అక్కడే.

మొట్టమొదట పాప బడిలో బాత్రూమ్‌కు ఎలా వెళ్తోందో కనుక్కోండి. చాలామంది తల్లిదండ్రులకు ఈ ఆలోచనే రాదు. అడగడానికి నోరు రాక ఈ పిల్లలు సాయంత్రం దాకా ఉగ్గబట్టుకుంటారు, నీళ్లు తాగడం మానేస్తారు, యూరిన్ ఇన్ఫెక్షన్లు తెచ్చుకుంటారు. మేం టీచర్‌తో చెప్పి ఒక చిన్న రంగు కార్డు పెట్టించాం. అది బల్ల మీద పెట్టి వెళ్లిపోవచ్చు, ఎవరూ ఏమీ అడగరు. హాజరు పిలిచినప్పుడు చెయ్యి ఎత్తితే చాలన్నాం. దెబ్బ తగిలినా, కడుపు నొప్పి వచ్చినా చూపించడానికి బొమ్మలున్న కాగితం ఒకటి బ్యాగులో ఉండేది. మాట్లాడకపోయినా బడిలో తనకు ఏ కష్టమూ రాదని పిల్లకు నమ్మకం కుదరాలి. ఆ టెన్షన్ తగ్గితే గానీ మాటకు చోటు దొరకదు.

తర్వాత టీచర్‌ను నేను అడిగింది ఒక్కటే: కొన్నాళ్లు మా అమ్మాయిని ప్రశ్నలు అడగొద్దు. పక్కన కూర్చుని ఆమె చేస్తున్న పని గురించి మామూలుగా మాట్లాడండి, "ఓహో, ఏనుగుకు ఊదారంగు వేశావే" అన్నట్టు, జవాబు కోసం చూడకుండా. వినడానికి ఇది చాలా చిన్న మార్పు. పాటించడం మాత్రం కష్టం, ఎందుకంటే పిల్లలతో పెద్దల మాటలన్నీ ప్రశ్నలే. ఆమె ఓపికగా పాటించారు. ఆ టీచర్‌కు మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉన్నాం.

అసలు మార్పు తెచ్చింది సైకాలజిస్టు చెప్పిన ఒక పద్ధతి. పిల్ల ఎవరితో ధారాళంగా మాట్లాడుతుందో ఆ మనిషితో కలిసి బడిలోకి మాటను తీసుకెళ్లడం, ఆ తర్వాత కొత్త మనుషుల్ని ఒక్కొక్కరినే ఆ వలయంలోకి రానివ్వడం. బడి వదిలాక, పిల్లలందరూ వెళ్లిపోయాక, ఖాళీ తరగతి గదిలో నేనూ మా అమ్మాయీ కూర్చుని అష్టాచెమ్మా ఆడేవాళ్లం. ఆ ఆటే ఎందుకంటే గవ్వలు వేసినప్పుడల్లా పందెం ఎంత పడిందో పైకి చెప్పాలి. అంకె చెప్పడం సంభాషణ కాదు, దానికి ఏమీ ఆలోచించక్కర్లేదు. అందువల్ల భయం తక్కువ. మొదట్లో ఆమె నా చెవిలో చెప్పేది. గదిలో ఇంకెవరూ లేరని నమ్మకం కుదిరాక గొంతు పెరిగింది, "చెమ్మ!" అని అరవడం దాకా వచ్చింది.

అప్పుడు టీచర్ వరండాలో నడవడం మొదలుపెట్టారు, తలుపు వేసే ఉంది. తర్వాత తలుపు తెరిచి ఉంచాం. ఇంకొన్నాళ్లకు ఆమె లోపలికి వచ్చి దూరంగా, మా వైపు వీపు పెట్టి నోటుపుస్తకాలు దిద్దుకునేవారు. ఆమె ఒక్క అడుగు దగ్గరకు జరిగిన రోజున మా అమ్మాయి గొంతు మళ్లీ గుసగుసకు పడిపోయేది. అప్పుడు ఎవరూ ఏమీ అనకుండా ముందు రోజు ఉన్న చోటికి వెనక్కి జరగడమే. ఈ వెనక్కి జరగడం ఓటమి కాదని సైకాలజిస్టు మాకు ముందే చెప్పారు, ఆ మాట మమ్మల్ని నిలబెట్టింది. మెల్లగా టీచర్ బల్ల దగ్గర కూర్చుని చూడటం, తర్వాత ఆటలో తనకూ ఒక కాయ పెట్టుకోవడం. ముగ్గురం వంతులవారీగా అంకెలు చెప్పుకున్నాం. అది కుదిరాక నేను "మంచినీళ్లు తాగొస్తా" అని లేచి తలుపు దగ్గరికి, ఆపైన వరండాలోకి, చివరికి గేటు దాకా వెళ్లాను. ఆట లోపల సాగుతూనే ఉంది.

ఆ తర్వాత ఒక స్నేహితురాలిని కలిపాం. ఆ పాపను ముందు ఆదివారాలు మా ఇంటికి పిలిచేవాళ్లం, ఒక్కదాన్నే. ఇంట్లో మా అమ్మాయి ఆమెతో మాట్లాడటం మొదలైంది కాబట్టి బడిలోనూ ఆ తాడు పట్టుకుని లాగగలిగాం. మీరు వేరే ఏమీ చేయలేని పరిస్థితిలో ఉంటే కనీసం ఇది చేయండి. ఒక క్లాస్‌మేట్, మీ ఇల్లు, ఏదో ఒక ఆట.

ప్రశ్నలు మళ్లీ మొదలుపెట్టే దశ వచ్చినప్పుడు ఎలా అడుగుతున్నామన్నది ముఖ్యం. "నీకు పెన్సిల్ కావాలా?" అంటే తల ఊపితే సరిపోతుంది, మాట రాదు. "ఎర్ర పెన్సిలా, నీలం పెన్సిలా?" అంటే ఒక్క మాట చాలు. అడిగాక మనసులో ఐదు లెక్కపెట్టుకుని ఆగాలి. మనం రెండు లెక్కపెట్టకముందే తొందరపడి మనమే జవాబు చెప్పేస్తాం, ముఖ్యంగా బయటివాళ్ల ముందు. ఆమె "నీలం" అంటే, "నీలం కావాలా, ఇదిగో" అని ఇచ్చేసి పని చూసుకోవాలి. చప్పట్లు వద్దు. "అమ్మో, మాట్లాడిందిరోయ్!" అని క్లాసంతా తిరిగి చూస్తే ఆ పిల్ల మళ్లీ లోపలికి ముడుచుకుపోతుంది. తోటి పిల్లలకు కూడా టీచర్ చెప్పాలి. "మేడమ్, తను మాట్లాడదు" అని వాళ్లు అన్నప్పుడల్లా "ఇంట్లో చక్కగా మాట్లాడుతుంది, ఇక్కడ కూడా మాట్లాడుతుంది" అని తేలిగ్గా సరిదిద్దాలి.

సైకిల్ సంగతి. ఆశ పెట్టడం తప్పని నేను అనను, కానీ బడిలో మాట్లాడటం అనే మెట్టు ఆమెకు అందనంత ఎత్తులో ఉంది. సైకిల్ కావాలని ఎంతో ఉన్నా నోరు రాకపోతే, దాంతోపాటు బాధ కూడా కలుస్తుంది. ఆ షరతు తీసేయండి, సైకిల్ కొనాలనుకుంటే ఊరికే కొనండి. చిన్న మెట్టుకు చిన్న బహుమతి అయితే పనిచేస్తుంది. కిరాణా కొట్లో డబ్బులు తనే ఇవ్వడం, ఇంకో రోజు వేలు పెట్టి చూపించడం, ఆపైన బిస్కెట్ పేరు చెప్పడం. ఏ మెట్టు ఎక్కాలో పాపనే ఎంచుకోనివ్వండి, ఎక్కినప్పుడు ఒక స్టిక్కర్ ఇస్తే చాలు.

బంధువుల విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. "ఏంటే, మూగనోము పట్టావా?", "నోట్లో బెల్లంముక్క పెట్టుకున్నావా?" అని పెళ్లిళ్లలో పదిమంది ముందు అడిగేవాళ్లకు దురుద్దేశం ఉండదు, కానీ ఆ ఒక్క పూటతో నెలల శ్రమ వెనక్కి పోతుంది. మేం వెళ్లే ముందే ఫోన్ చేసి చెప్పేవాళ్లం: పద్యం చెప్పమనొద్దు, పేరు అడగొద్దు, పక్కన కూర్చోబెట్టుకుని మీ కబుర్లు మీరు చెప్పండి. పాప వినేలా మాత్రం ఈ విషయం ఎప్పుడూ మాట్లాడకండి. "మా పిల్ల బయట మాట్లాడదండీ" అని మనం పదేపదే అంటే అదే తన స్వభావం అనుకుంటుంది.

స్పెషల్ స్కూల్ చూసుకోమన్నారు కదా, ఆ మాటకు భయపడకండి. చదువు అర్థమవుతున్న పిల్లకు అది అక్కర్లేదు, మాట్లాడే పిల్లల మధ్య ఉండటమే ఆమెకు మేలు. విద్యాహక్కు చట్టం 2009లో 16వ సెక్షన్ ప్రాథమిక విద్య, అంటే ఎనిమిదో తరగతి, పూర్తయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి తీసేయకూడదంటుంది, 17వ సెక్షన్ శారీరక శిక్షనే కాదు, మానసిక వేధింపును కూడా నిషేధించింది. మాట్లాడలేదని బెంచీ ఎక్కించడం ఆ కిందికే వస్తుందని నా అభిప్రాయం. అయితే చట్టం చేత్తో పట్టుకుని వెళ్లకండి, మీకు ఆ టీచర్ సాయం కావాలి. సైకాలజిస్టు రాసిన ఒక పేజీ ఉత్తరం తీసుకెళ్లండి, బడి ఏం చేయాలో అందులో తేలిక మాటల్లో ఉండాలి. మా అమ్మాయి చదివిన మొదటి బడి ఆ ఉత్తరం చదవడానికి కూడా ఇష్టపడలేదు, మేం బడి మార్చాం. మార్చినా మార్చకపోయినా, కొత్త తరగతికి వెళ్లే ప్రతి ఏడాదీ జూన్‌లో బడి తెరవకముందే పాపను ఆ గదికి ఒకసారి తీసుకెళ్లి కొత్త టీచర్‌ను చూపించండి. లేకపోతే వేసవి సెలవుల తర్వాత చాలా వరకు మళ్లీ మొదటికొస్తుంది.

మా అమ్మాయి ఇప్పుడు ఏడో తరగతి. క్లాసులో అడిగితే జవాబు చెబుతుంది, తనంతట తాను చెయ్యెత్తడం తక్కువే. కొత్తవాళ్లతో ఫోన్‌లో మాట్లాడటం ఇంకా కష్టం, దాని మీద పనిచేస్తున్నాం.

ఇక మీ అత్తగారు. వస అరగదీసి రాయడం వద్దని ఆవిడకు నెమ్మదిగా చెప్పండి. పాప నాలుకలో లోపం లేదు, పైగా వస మోతాదు మించితే వాంతులవుతాయి. కానీ ఆవిడను ఈ పని నుంచి పక్కన పెట్టకండి. పాప ఎవరితో భయం లేకుండా మాట్లాడుతుందో వాళ్లే బడిలోకి మాటను తీసుకెళ్లగలరు, ఆ జాబితాలో నాయనమ్మ ముందుంటుంది. ఉద్యోగం వల్ల సాయంత్రం నాలుగింటికి మీకు బడికి వెళ్లడం కుదరకపోతే ఆవిడనే పంపండి. గవ్వలు ఆవిడ దగ్గరే ఉంటాయి, ఆట కూడా మనకంటే బాగా ఆడతారు. టీచర్‌తో ముందుగా మాట్లాడి, మొదటి వారం ఎవరూ ఆ గది దరిదాపుల్లోకి రాకుండా చూసుకోండి.