చర్చే ప్రాణంగా బతికిన అమ్మమ్మ గురించి జ్ఞాపకార్థ కూటంలో ఏం మాట్లాడాలి?

అమ్మమ్మ పోయి పది రోజులైందని, వచ్చే ఆదివారం జ్ఞాపకార్థ కూటంలో కుటుంబం తరఫున మిమ్మల్ని మాట్లాడమన్నారని, ఒక్క ఆరాధన కూడా మానని మనిషి గురించి ఐదు నిమిషాల్లో ఏం చెప్పాలో తోచట్లేదని రాశారు. రెండేళ్ల కిందట మా నాయనమ్మ కూటానికి నాదీ ఇదే పరిస్థితి.

మాది ఒంగోలు దగ్గర పల్లె, బాప్టిస్టు సంఘం. ముందురోజు రాత్రంతా కూర్చుని ఒకటిన్నర పేజీ రాశాను. భక్తిపరురాలు, ప్రార్థనాపరురాలు, సంఘానికి స్తంభం లాంటి మనిషి అని. పొద్దున మా అత్తకి చదివి వినిపించాను. "బాగానే ఉందిరా, కానీ ఇది ఎవరి కూటంలో చదివినా సరిపోద్ది. మా అమ్మ ఎక్కడుంది ఇందులో?" అంది. ఆ కాగితం పక్కన పెట్టేసి, నాయనమ్మ చేతులు ఏం చేసేవో ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ మళ్లీ రాశాను. మీరూ అక్కడి నుంచే మొదలుపెట్టండి.

నాయనమ్మ పొగాకు కూలీ. సీజనంతా ఆకు కర్రలకు అల్లే పని. ఆ జిగట చేతులకి పట్టుకుందంటే సబ్బుకి పోదు. శనివారం సాయంత్రం బావి దగ్గర కూర్చుని అరచేతులు మంట పుట్టేదాకా ఇసుకతో రుద్దుకునేది. మర్నాడు బైబిలు పట్టుకోవాలి కదా. అంత రుద్దినా ఆమె బైబిల్లో కీర్తనల గ్రంథం పేజీల అంచులు గోధుమరంగుకి తిరిగాయి. ఆ బైబిలు ఇప్పుడు నా దగ్గరే ఉంది. కూటంలో దాన్ని ఎత్తి చూపించాను. ముందు వరసలో ఉన్న ముసలమ్మలు తమ చేతులు చూసుకున్నారు.

ఆమెకి చిన్నప్పుడు చదువు లేదు. ఇద్దరు పిల్లలు పుట్టాక, పల్లెకి వచ్చి ఆడవాళ్లకి వాక్యం చెప్పే బైబిలమ్మ దగ్గర అక్షరాలు నేర్చుకుంది. ఇరవై మూడో కీర్తన గడగడా చదివేది. పెళ్లి శుభలేఖ చేతికిస్తే మాత్రం అక్షరం అక్షరం కూడబలుక్కునేది. కీర్తన నోటికి వచ్చు కాబట్టి కంటికంటే నోరే ముందు పోయేదని నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది.

ఇంకో సంగతి చెప్పడానికి ముందు కాస్త వెనకాడాను, చెప్పినందుకు ఇప్పుడు సంతోషంగా ఉంది. మాది మాదిగపల్లె. నాయనమ్మ కూలికి పోయే ఇళ్లలో ఆమెకి అరవై ఏళ్లు దాటాక కూడా పదేళ్ల పిల్లలు "ఏమే" అనే పిలిచేవాళ్లు. చర్చిలో కానుకల చిట్టా చదివేటప్పుడు మాత్రం పాస్టరు అయ్యగారు ఆమె పేరు చివర "గారు" చేర్చి చదివేవారు. వారానికి ఒక్కసారి, ఆ ఒక్క మాట. ఆ మాట వినపడగానే ఆమె కొంగు సర్దుకుని నిటారుగా కూర్చునేది. జ్వరంతో కూడా చర్చి మానకపోవడానికి ఇదీ ఒక కారణమని నా నమ్మకం. దానివల్ల ఆమె భక్తి తగ్గిపోదు. ఆ గౌరవం కూడా దేవుడే ఇచ్చాడని ఆమె అనుకునేది.

మా ఇంటి విశ్వాసం ఎక్కడ మొదలైందో కూడా ఆమె నోటే విన్నాను. "కాలువ తవ్విన కరువు" అనేది. అంటే 1876-78 కరువు. అప్పుడు ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల పని కాంట్రాక్టుకి తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకి కూలి ఇప్పించాడు. కూడు కోసం మతంలో చేరారని మాట రాకూడదని, కరువు పని నడిచినన్నాళ్లూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆ తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నాయనమ్మకి ఆ తేదీ, ఆ లెక్క తెలియవు. "మనోళ్లు మట్టి తట్టలు మోసి, ఆనక ఏట్లో దిగారు" అని మాత్రం చెప్పేది. మీ ఇంట్లో కూడా ఇలాంటి మాట ఒకటి ఉండే ఉంటుంది. పెద్దవాళ్లు ఇంకా ఉండగానే అడిగి రాసుకోండి.

పోయినవాళ్ల తప్పులు చెప్పొచ్చా అని కూడా అడిగారు. నేను ఒకటి చెప్పాను. మా చిన్నాన్న వేరే మతం అమ్మాయిని చేసుకున్నాడని నాయనమ్మ ఏడాదిపాటు వాళ్ల గడప తొక్కలేదు. పిన్నికి నెలలు నిండాయని తెలిశాక మాత్రం ఎవరూ పిలవకుండానే సంచీ సర్దుకుని వెళ్లి నెల రోజులు పురుడు చూసి వచ్చింది. ఇది చెప్పడానికి ముందు పిన్నిని అడిగాను. "చెప్పు, ఆ రెండో సగం కూడా చెప్పు" అంది. మీరు కూడా సంబంధించిన వాళ్లని అడిగాకే చెప్పండి.

వాక్యం విషయానికొస్తే, ఆడవాళ్ల కూటాల్లో అందరూ సామెతలు 31 చదువుతారు. నేను రెండో తిమోతి మొదటి అధ్యాయం 5వ వచనం తీసుకున్నాను. పౌలు అక్కడ తిమోతి అవ్వ లోయిని పేరు పెట్టి తలుచుకుంటాడు. మనవడు నిలబడి చదవడానికి అంతకంటే తగిన వాక్యం నాకు దొరకలేదు. మధ్యలో ఏడుపొస్తే ఆగండి, టెన్షన్ పడకండి. అందరూ మనవాళ్లే.

ఒక్కటి మర్చిపోవద్దు. కార్యక్రమంలో పేరు లేనివాళ్లకి కూడా కాస్త టైం ఉంచమని అయ్యగారిని ముందే అడగండి. మా కూటంలో పక్క వీధి ఆమె ఒకరు తనంతట తనే లేచింది. నాయనమ్మ వంటకి బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు తీసి దేవుడి ముంతలో వేసేదని, ఆదివారం దాన్ని చర్చికి మోసేదని మా అందరికీ తెలుసు. మాకు తెలియనిది ఆమె చెప్పింది. ముసురు పట్టి వారం రోజులు కూలి లేని రోజుల్లో, రాత్రి పూట నాయనమ్మ ఆ ముంత కొంగులో దాచుకుని వాళ్లింటికి వెళ్లిందట. "దేవుడి బియ్యం నాకొద్దత్తా" అంటే, "ఆయనే పంపాడు, పొయ్యి అంటించు" అందట. ఆ ఆదివారం ఖాళీ ముంతే చర్చికి పట్టుకొచ్చి, ఎప్పటిలాగే కానుకల దగ్గర పెట్టిందట.

ఇంత చెప్పి, ఆమె కూర్చోబోతూ ఆగి, "ఆ ముంత ఇప్పుడు ఎవరి దగ్గరుందమ్మా?" అని అడిగింది.

వెనక వరసలోంచి మా అత్త చెయ్యెత్తింది.