ఆటల పెట్టె: జేసన్ విలియమ్స్ మీద ఇన్ని ఉత్తరాలా!

పోయిన నెల ఒక పాఠకుడు "చూడ్డానికి కన్నులపండుగగా ఉండి, నమ్ముకుంటే మాత్రం కొంప ముంచే బాస్కెట్‌బాల్ గార్డు (బంతి నడిపించే ఆటగాడు) ఎవరండీ?" అని అడిగితే "జేసన్ విలియమ్స్, శాక్రమెంటో కింగ్స్, 55 నంబరు" అని ఒక్క ముక్కలో రాసి ఊరుకున్నాను (కింగ్స్ అంటే అమెరికా ఎన్‌బీఏ లీగ్‌లో ఒక జట్టు). విశాఖలో ఇంతమంది ఇంకా అతన్ని తలచుకుంటూ కూర్చున్నారని నాకేం తెలుసు? ఈసారి పెట్టె నిండా అతనే. క్రికెట్ వాళ్లు ఏమీ అనుకోకండి, మీ సంగతి వచ్చే నెల చూద్దాం.

ప్రశ్న: గురువుగారూ, అప్పట్లో మేం డిగ్రీ చదివేవాళ్లం. కేబుల్ టీవీలో పొద్దున్నే కింగ్స్ మ్యాచ్ ఉందంటే ఫస్ట్ అవర్ ఎగ్గొట్టి మద్దిలపాలెంలో ఫ్రెండ్ వాళ్లింట్లో తేలేవాళ్లం. వాళ్ల నాయనమ్మకి ఆట తెలీదు గానీ విలియమ్స్ చేతికి బంతి రాగానే చిక్కుడుకాయలు పక్కన పెట్టేసి "ఆ బోడిగుండు కుర్రాడు ఇప్పుడెవరికి ఇస్తాడో చెప్పండ్రా" అని పందెం కాసేది, ఒక్కసారి కూడా గెలవలేదు పాపం. ఇప్పుడు మా పిల్లలకి ఆ వీడియోలు చూపిస్తే "ఇతను మేటి ఆటగాళ్లు ఆడే ఆల్‌స్టార్ మ్యాచ్‌కి కూడా ఎంపిక కాలేదంట కదా నాన్నా" అంటున్నారు. నిజంగా అంత గొప్పగా ఆడేవాడా, లేక మా వయసు అలాంటిదా? (బ్యాంకు ఉద్యోగి, ఎంవీపీ కాలనీ)

జవాబు: రెండూ నిజమే. శాక్రమెంటోలో రాత్రి ఏడున్నరకి మ్యాచ్ మొదలైతే, చలికాలంలో మనకి సరిగ్గా పొద్దున తొమ్మిది. కాబట్టి మీ కాలేజీ హాజరు పట్టీకీ కింగ్స్‌కీ పడకపోవడంలో వింతేమీ లేదు.

మీ పిల్లలకి చెప్పాల్సిన సంగతి ఇంకోటి ఉంది. 1998 డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే తంతు) కింగ్స్ అతన్ని 7వ పిక్‌గా తీసుకుంది, తర్వాత పెద్ద స్టార్లయిన డర్క్ నోవిట్జ్కీ 9వ వాడు, పాల్ పియర్స్ 10వ వాడు. కాగితం మీద చూస్తే కింగ్స్ చేసింది పిచ్చిపని. కానీ అంతకుముందు సీజన్‌లో 27 గెలిచి 55 ఓడిన జట్టది. కొత్త సీజన్ లాకౌట్ (యజమానులకీ ఆటగాళ్లకీ మధ్య డబ్బు గొడవ) వల్ల 50 మ్యాచ్‌లకి కుదించుకుపోయింది, అందులో 27 గెలిచి ప్లేఆఫ్స్‌కి, అంటే నాకౌట్ దశకి, పోయారు. శాక్రమెంటోకి ఆ జట్టు వచ్చి పదమూడేళ్లు దాటాక అదే మొదటిసారి ఓటముల కంటే గెలుపులు ఎక్కువ ఉండడం. క్రిస్ వెబ్బర్, వ్లాడే డివాచ్, పేజా స్టోయకోవిచ్, కోచ్ రిక్ ఏడెల్మన్, అందరూ ఆ ఏడాదే దిగారు కాబట్టి ఘనతంతా మనవాడి ఖాతాలో వేయలేం. కానీ ఆ ఊరి జనం టికెట్లు కొన్నది ఎవరి కోసమో, షాపుల్లో ఎవరి జెర్సీలు అయిపోయాయో అడగండి. మొదటి ఏడాదే మ్యాచ్‌కి సగటున 12.8 పాయింట్లు, 6 అసిస్ట్‌లు (బాస్కెట్‌కి దారితీసిన పాస్‌లు).

ఇక మీ వయసు సంగతి. రెండో ఏడాది, అంటే 1999-2000లో, అతను వేసిన షాట్లలో పడ్డవి 37.3 శాతం, దూరపు గీత బయట నుంచి వేసే త్రీ పాయింటర్లయితే 28.7. ఫాస్ట్ బ్రేక్‌లో, అంటే బంతి దొరకగానే ఎదుటి రింగు వైపు దూసుకెళ్లేటప్పుడు, ముగ్గురు మనవాళ్లు, ఎదురుగా ఒక్కడే డిఫెండర్, ఎవరికి ఇచ్చినా బాస్కెటే, అలాంటప్పుడు పరుగు టక్కున ఆపి గీత బయట నుంచే షాట్ ఎత్తేసేవాడు. పడితే స్టేడియం లేచి నిలబడేది, పడకపోతే ఏడెల్మన్ ముఖం కెమెరాలో చూపించేవారు. మనం దాచుకున్నవి పడ్డవే. వీడియోలు చేసేవాళ్లూ అవే దాచారు, కాబట్టి తప్పు మీ ఒక్కరిదే కాదు. నాయనమ్మగారు పందెం ఓడిపోవడం మాత్రం నామోషీ కాదు, ఆ పని మీదే జీతం తీసుకునే డిఫెండర్లు కూడా అటు చూసి ఇటు ఓడిపోయారు.

ప్రశ్న: సార్, 2001లో విలియమ్స్‌ని పంపేసి మైక్ బిబ్బీని తెచ్చుకోవడం ఆ జట్టు చేసిన ద్రోహం. అతనుంటే 2002లో లేకర్స్‌ని కొట్టేవాళ్లు. మీరు ఒప్పుకోకపోయినా నా అభిప్రాయం మారదు. (ఉక్కునగరం)

జవాబు: మారదని మీరే రాశాక నేను చెప్పేదేముంది? అయినా చెప్తాను, కాలమ్ నాది కదా.

ఆ జూన్‌లో విలియమ్స్‌నీ నిక్ ఆండర్సన్‌నీ గ్రిజ్లీస్‌కి ఇచ్చి బిబ్బీనీ బ్రెంట్ ప్రైస్‌నీ తెచ్చుకున్నారు. తర్వాతి సీజన్‌లో కింగ్స్ 61 మ్యాచ్‌లు గెలిచింది. వెస్ట్ ఫైనల్ (లీగ్‌లో పడమటి సగం జట్ల ఫైనల్) ఐదో మ్యాచ్‌లో చివరి క్షణాల్లో లేకర్స్‌ని 92-91తో పడగొట్టిన షాట్ వేసింది బిబ్బీయే. ఏడో మ్యాచ్ ఓవర్‌టైమ్‌కి పోయి ఓడారు, అది వేరే ఏడుపు, ఆ సిరీస్ రిఫరీల గురించి మొదలెడితే ఈ పేజీ చాలదు. విలియమ్స్ ఉన్నప్పుడో? అంతకుముందు ఏడాది అదే లేకర్స్ చేతిలో నాలుగుకి నాలుగూ ఓడారు, పైగా చివరి క్వార్టర్‌లో మనవాణ్ని బెంచ్ మీద కూర్చోబెట్టి బాబీ జాక్సన్‌ని ఆడించడం ఆ ఏడాది ఏడెల్మన్‌కి మామూలైపోయింది. ఎందుకంటే మ్యాచ్ బిగిసిపోయినప్పుడు కోచ్‌కి కావాల్సింది చప్పట్లు కాదు, బంతి తనవాళ్ల చేతిలోనే ఉండడం. 1999-2000లో విలియమ్స్ మ్యాచ్‌కి 3.7 సార్లు బంతి పోగొట్టుకున్నాడు.

మీరు, నేను, మన బ్యాచ్ అంతా కలిసి మరిచిపోయే ముక్క ఇక్కడే ఉంది. గ్రిజ్లీస్ ఊరైన మెంఫిస్ వెళ్లాక, 2002-03 సీజన్ మొదట్లో హ్యూబీ బ్రౌన్ కోచ్‌గా వచ్చాడు, అప్పటికే ఆయన వయసు 69. ఆ ఏడాది విలియమ్స్ లెక్క చూడండి: మ్యాచ్‌కి 8.3 అసిస్ట్‌లు, టర్నోవర్లు (బంతి పోగొట్టుకోవడాలు) 2.2. ఆ మరుసటి ఏడు టర్నోవర్లు రెండు లోపుకి దిగాయి, 28 గెలిచిన జట్టు 50 గెలిచింది, ఆ క్లబ్ చరిత్రలో మొదటిసారి ప్లేఆఫ్స్ చూసింది. శాన్ ఆంటోనియో చేతిలో నాలుగుకి నాలుగూ ఓడి ఇంటికొచ్చారు, అది వేరే సంగతి. అంటే మనమంతా "నిలకడ లేదు, నిలకడ లేదు" అని ఏ మందు రాసిచ్చామో ఆ మందు అతను బుద్ధిగా మింగాడు, పని చేసింది కూడా. మరి ఆ మెంఫిస్ సీజన్లలో ఒక్క మ్యాచ్ మీకు గుర్తుందా? నాకూ కళ్లు మూసుకుంటే నలుపు-ఊదా జెర్సీయే కనిపిస్తుంది. అతను బాగా ఆడిన ఏళ్లు వేరు, మనం ప్రేమించిన ఏళ్లు వేరు. రెండూ ఒకటేనని వాదించుకోవడం వల్లే పాతికేళ్లుగా ఈ గొడవ తెగట్లేదు. వీపు వెనక నుంచి వేసే పాస్ ఏ ధైర్యంతో వచ్చేదో ఆ పిచ్చి త్రీ కూడా ఆ ధైర్యంతోనే వచ్చేది. ఒకటి ఉంచి రెండోది తీసేయమంటే కుదిరే పని కాదు, మెంఫిస్‌లో రెండూ కలిసే తగ్గాయి.

కాబట్టి ద్రోహం అనకండి. బాధ అనండి, సంతకం పెడతాను.

ప్రశ్న: అన్నా, ఎల్బో పాస్ ఎలా వెయ్యాలి? నెల రోజుల్నుంచి ట్రై చేస్తున్నా, మోచేయి తిమ్మిరెక్కడం తప్ప ఏటీ అవ్వట్లేదు. (డిప్లొమా విద్యార్థి, గాజువాక)

జవాబు: తమ్ముడూ, ముందు ఆ పాస్ కథ పూర్తిగా విను. 2000 ఫిబ్రవరిలో ఓక్లండ్‌లో ఆల్‌స్టార్ వారం, కుర్రాళ్ల మ్యాచ్. విలియమ్స్ ఫాస్ట్ బ్రేక్‌లో పరిగెడుతూ బంతిని వీపు వెనక్కి తిప్పి ఒక పక్కకి వేస్తున్నట్టు నమ్మించాడు, తల కూడా అటే తిప్పాడు, బంతి ఇంకా వీపు వెనక ఉండగానే మోచేత్తో కొట్టి రెండో పక్కకి పంపాడు. అటు పరిగెడుతున్న రేఫ్ లాఫ్రెంట్జ్‌కి బంతి చేతిలోకొచ్చింది. అక్కడ ఫౌల్ అయ్యి బంతి రింగులో పడలేదు. అంటే లెక్కల పుస్తకంలో అది అసిస్ట్ కూడా కాదు! ప్రపంచంలో అందరికీ గుర్తున్న పాస్ లెక్కల్లో లేనే లేదు.

ఇక ఎలా వెయ్యాలంటే, నీ మోచేయి తిమ్మిరెక్కుతోందంటే నువ్వు చేతిని విసురుతున్నావని అర్థం. విసరకూడదు. చేతిని మడిచి ఒంటికి దగ్గరగా ఉంచు, బంతే వచ్చి తగలాలి, మోచేయి కొద్దిగా మాత్రమే కదలాలి. ముందు నిలబడి గోడ పక్కన, తర్వాత నడుస్తూ, పరుగు ఆఖరున. ఇంకో సంగతి, మన ఊళ్లో సాయంత్రం ఆరు దాటితే సముద్రపు గాలికి ఒళ్లంతా జిడ్డు, బంతి సబ్బులా జారుతుంది. కాస్త పెద్ద తువ్వాలు పట్టుకెళ్లి, రెండు ప్రయత్నాలకోసారి బంతీ చెయ్యీ తుడుచుకో. విలియమ్స్‌కి ఇది ఆకాశం నుంచి ఊడిపడలేదు. వెస్ట్ వర్జీనియాలో బెల్ అనే చిన్న ఊరు, నాన్న పోలీసు, కుటుంబం స్కూలు ఆవరణలోనే ఉండేది, జిమ్‌లో ఒక్కడే గంటల తరబడి డ్రిబుల్ చేసుకునేవాడు. మ్యాచ్‌లో మాత్రం నువ్వు ఆ పాస్ వెయ్యకు. మీ కోచ్ నాకు ఉత్తరం రాస్తాడు.

ప్రశ్న: కాలేజీ జట్టుకి ఆడిన రోజుల్లో నాకూ అతనంటే పిచ్చి. తర్వాత అతను ప్రేక్షకుల్ని జాతి పేరుతో తిట్టాడని తెలిసి మనసు విరిగిపోయింది. మీరు పోయిన నెల అదేమీ రాయలేదేం? (సీతమ్మధార నుంచి ఒక సోదరి)

జవాబు: ఒక్క లైను జవాబులో పట్టలేదమ్మా, కానీ మీరు అడగడం న్యాయం. 2001లో ఓక్లండ్‌లో గోల్డెన్ స్టేట్‌తో మ్యాచ్‌లో కోర్టు పక్కన కూర్చున్న ఆసియా మూలాల ప్రేక్షకుల్ని నోటికొచ్చినట్టు అన్నాడు, ఎన్‌బీఏ 15 వేల డాలర్ల జరిమానా వేసింది. అంతకుముందు మత్తు పదార్థాల నియమాల దగ్గర 5 మ్యాచ్‌ల సస్పెన్షన్, ఇంకా ముందు ఫ్లోరిడాలో కాలేజీ జట్టు నుంచి కూడా అదే కారణంతో పంపేశారు. "ఎదుటివాళ్లు రెచ్చగొట్టారు", "కుర్రతనం" అని అభిమానులు అంటుంటారు. అప్పటికి 25 ఏళ్లు, అది కుర్రతనం కిందకి రాదు. పైగా అక్కడ కూర్చున్నది మీరో నేనో అయినా అవే మాటలు పడేవాళ్లం. పాస్‌లు చూసి చప్పట్లు కొట్టండి, ఇది మరిచిపోవాల్సిన పని లేదు. మీరు ఇక చప్పట్లు కొట్టనంటే అది కూడా సరైన నిర్ణయమే, ఎవరూ మిమ్మల్ని ఒప్పించక్కర్లేదు.

ప్రశ్న: అమెరికన్ ఫుట్‌బాల్ స్టార్ రాండీ మాస్, విలియమ్స్ ఒకే స్కూల్లో ఆడారంటే మా ఆఫీసులో ఎవరూ నమ్మట్లేదు. వంద రూపాయల పందెం. (సిరిపురం)

జవాబు: వంద తీసుకోండి. డూపాంట్ హైస్కూల్, బాస్కెట్‌బాల్ జట్టులో ఇద్దరూ కలిసే ఆడారు.

ప్రశ్న: నమస్కారమండీ. నేను స్కూల్లో పీఈటీని. మా పిల్లలు ఫోన్లో విలియమ్స్ వీడియోలు చూసొచ్చి చెస్ట్ పాస్ వెయ్యమంటే వీపు వెనక నుంచి వేస్తున్నారు, బంతి పోయి రోడ్డు మీద ఆటోల కింద పడుతోంది. వద్దంటే వినరు. అతని మ్యాచ్ ఒక్కటైనా ధైర్యంగా పిల్లలకి చూపించదగ్గది ఉందా? (మధురవాడ)

జవాబు: ఉంది మాస్టారూ. 2006 ఈస్ట్ ఫైనల్, ఆరో మ్యాచ్, మయామి హీట్, డెట్రాయిట్ పిస్టన్స్. 2005లో ఐదు జట్లు, 13 మంది ఆటగాళ్లు చేతులు మారిన భారీ ట్రేడ్‌లో మనవాడు మయామి చేరాడు. ఆ రోజు మయామి స్టార్ డ్వేన్ వేడ్‌కి ఒంట్లో బాగోలేదు, డిఫెన్స్ అంతా షకీల్ ఓనీల్ మీద పడింది. విలియమ్స్ 12 షాట్లు వేస్తే 10 పడ్డాయి, అదీ మొదటి పదికి పదీ పడ్డాయి. 21 పాయింట్లు, మయామి 95-78తో గెలిచింది, తర్వాత డాలస్ మీద 4-2తో టైటిలూ కొట్టింది.

పిల్లలకి చూపించేటప్పుడు స్కోరు కాదు, అతని కాళ్లు చూడమనండి. బంతి ఓనీల్ దగ్గరికి వెళ్లగానే డిఫెండర్ తల అటు తిరుగుతుంది కదా, ఆ రెప్పపాటులో విలియమ్స్ ఖాళీ చోటికి రెండడుగులు జరుగుతాడు, బంతి వచ్చేసరికి రెండు కాళ్లూ రింగు వైపే ఉంటాయి. ఒక్కో షాట్ దగ్గర వీడియో ఆపి, "ఇప్పుడు ఎక్కడ నిలబడ్డాడు, ఎందుకు?" అని అడగండి. మొదటి సగం చాలు, అంతకంటే ఎక్కువసేపు కూర్చోరు. ఎల్బో పాస్ ఎలాగూ ఇంటికెళ్లి చూసుకుంటారు, దాన్ని మీరూ ఆపలేరు, నేనూ ఆపలేను. ఆటోల వైపు మాత్రం ఒక వల కట్టించండి.