టెక్ సందేహాలు: షోకేసులో రికార్డర్ బాక్సు, లోపల కాగే హార్డ్ డిస్కు

ప్రశ్న: మాది విజయవాడ సత్యనారాయణపురం, పై అంతస్తు. హార్డ్ డిస్కు ఉన్న డీటీహెచ్ రికార్డర్ బాక్సు ఆరేళ్లుగా వాడుతున్నాం. అమ్మ మధ్యాహ్నం సీరియళ్లు రికార్డు పెట్టుకుని రాత్రి చూస్తుంది. ఏప్రిల్ నుంచి బొమ్మ గళ్లు గళ్లుగా విరిగిపోతోంది. ఒక్కోసారి బాక్సు దానంతటదే ఆగి మళ్లీ ఆన్ అవుతోంది. పైన చెయ్యి పెడితే కాలుతోంది. టీవీ కింద అద్దాల తలుపుల షోకేసులో పెట్టాం. లోపల చిన్న ఫ్యాను బిగిస్తే సరిపోతుందా?

జవాబు: ఫ్యాను సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ అద్దాల తలుపులు తెరిచి ఉంచండి. బాక్సు మీద దుమ్ము పడకుండా కుట్టుపని చేసిన గుడ్డ కప్పి ఉంటే తీసేయండి. పైన వైఫై రూటరో దేవుడి పటమో ఉంటే దాన్నీ పక్కకి జరపండి. ఈ ఒక్క మార్పుతో రెండు రోజులు చూశాకే మిగతా ఖర్చు గురించి ఆలోచించండి.

హార్డ్ డిస్కు వేడెక్కడం జబ్బు కాదు. మూడున్నర అంగుళాల డిస్కు తిరుగుతున్నంతసేపూ సుమారు 4 నుంచి 8 వాట్ల కరెంటు తీసుకుంటుంది. ఆ కరెంటంతా చివరికి వేడిగానే బయటికి పోవాలి. ట్యూనర్లు, ప్రాసెసరు, పవర్ సప్లై వేడి దానికి అదనం. రిమోట్‌తో ఆపేశాం కదా అనుకోవద్దు. చాలా రికార్డర్లలో రిమోట్ నొక్కితే బొమ్మ ఆగుతుంది తప్ప లోపల డిస్కు తిరుగుతూనే ఉంటుంది. మీరు చూస్తున్న ఛానల్‌ని వెనక్కి తిప్పుకునే వీలు కోసం బాక్సు ఎప్పటికప్పుడు డిస్కు మీద రాస్తూ ఉంటుంది కూడా. అంటే ఇంట్లో ఎవరూ టీవీ చూడని మధ్యాహ్నం కూడా ఆ పెట్టె పని చేస్తూనే ఉంది.

అసలు చూడాల్సింది డిస్కు వేడి ఎంతన్నది ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న గాలి కంటే అది ఎంత ఎక్కువన్నది. ఈ తేడా ఒక్కో బాక్సుకి దాదాపు స్థిరంగా ఉంటుంది. మీ బాక్సుకి అది 16 డిగ్రీలు అనుకుందాం. జనవరిలో గది 26 ఉంటే డిస్కు 42 దగ్గర ఉంటుంది, ఇబ్బందేమీ లేదు. మేలో, ఏసీ లేని పై అంతస్తులో, శ్లాబు కాగి గది 39కి చేరితే అదే డిస్కు 55. అద్దాల తలుపులు మూసేస్తే షోకేసులో గాలే 45 అవుతుంది, అప్పుడు డిస్కు 61. మామూలు కంప్యూటర్ డిస్కులకి తయారీదారులు చెప్పే పైహద్దు 60 డిగ్రీలు. రికార్డర్ల కోసం, సీసీ కెమెరాల కోసం చేసిన డిస్కులు కొన్ని 65, 70 దాకా తట్టుకుంటాయని రాస్తారు. చూశారా, బాక్సు మారలేదు, డిస్కు మారలేదు. రోహిణి కార్తె ఎండ కొంత, మూసిన తలుపులు కొంత కలిసి దాన్ని హద్దు దాటించాయి. ఎండని మనం ఆపలేం, తలుపులు మన చేతిలో ఉన్నాయి.

ఈ తేడాని మీరే కొలుచుకోవచ్చు. చేపల తొట్టెల్లో వాడే, వైరు చివర సెన్సరు ఉండే చిన్న డిజిటల్ థర్మామీటరు తీసుకోండి. సెన్సరుని బాక్సు పైభాగంలో గాలి బయటికొచ్చే చీలికల దగ్గర టేపుతో అంటించి గంటసేపు వదిలేయండి. అక్కడి అంకె, తర్వాత గదిలోని అంకె రాసుకోండి. డిస్కు ఒళ్లు ఆ చీలికల గాలి కంటే ఇంకొన్ని డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. కొన్ని బాక్సుల మెనూలో సిస్టమ్ సమాచారం పేజీలో డిస్కు ఉష్ణోగ్రత నేరుగానే కనిపిస్తుంది, మీ బాక్సులో ఉందేమో ముందు వెతకండి.

హార్డ్ డిస్కులకి వేడి చేసే కీడు గురించి అతిగా భయపెట్టడం నాకు ఇష్టం లేదు. 2007లో గూగుల్ ఇంజనీర్లు తమ దగ్గరున్న లక్షకి పైగా డిస్కుల రికార్డులు పరిశీలించి ఒక పత్రం ప్రచురించారు. ఓ మాదిరి వేడికీ డిస్కులు పోవడానికీ జనం అనుకునేంత గట్టి సంబంధం వాళ్లకి కనిపించలేదు. బాగా ఎక్కువ వేడిలో, అదీ మూడేళ్లు దాటిన డిస్కుల్లో మాత్రం నష్టం పెరిగింది. అవి డేటా సెంటర్లలో తిరిగిన డిస్కులు, మన షోకేసుల్లోవి కావు. కాబట్టి డిస్కు 42 చూపిస్తే నిద్ర పాడుచేసుకోకండి. 50 దాటి రోజూ గంటల తరబడి అక్కడే ఉంటే మాత్రం ఏదో ఒకటి చెయ్యాలి. మీదేమో ఆరేళ్ల డిస్కు.

ఇప్పుడు ఫ్యాను. బాక్సు అద్దెదైనా, సర్వీసు ఒప్పందంలో ఉన్నా మూత తీయొద్దు. వారంటీ ఒక కారణం. లోపలే పవర్ సప్లై ఉన్న బాక్సుల్లో ప్లగ్గు పీకిన తర్వాత కూడా కెపాసిటర్లలో (కరెంటు దాచుకునే భాగాల్లో) షాకు కొట్టేంత కరెంటు నిలిచి ఉండటం అంతకంటే పెద్ద కారణం. పైగా మూసిన షోకేసులో ఉన్న బాక్సుకి లోపల ఫ్యాను బిగించడం, తలుపులు మూసిన వంటగదిలో సీలింగ్ ఫ్యాను వేసుకున్నట్టే. అదే వేడిగాలి చుట్టూ తిరుగుతుంది. గాలికి బయటికి పోయే దారి ముందు చూపించాలి.

వడ్రంగిని పిలిచి షోకేసు వెనక ప్లైవుడ్‌కి రెండు రంధ్రాలు పెట్టించండి. ఒకటి కింద, బాక్సు అడుగు మట్టానికి. ఇంకొకటి పైన, షోకేసు పై పలకకి దగ్గరగా. హోల్ కటరుతో నాలుగంగుళాల రంధ్రం నిమిషాల పని. వేడిగాలి పైకి పోతుంది కాబట్టి పై రంధ్రం లోంచి అది వెళ్లిపోతుంటే కింది రంధ్రం లోంచి గది గాలి వస్తుంది. షోకేసుని గోడకి పూర్తిగా ఆనించి ఉంచితే రంధ్రాలు ఉన్నా లేనట్టే, నాలుగు వేళ్ల సందు వదలండి. బాక్సు పైన కూడా నాలుగంగుళాల ఖాళీ ఉండాలి. బాక్సు రబ్బరు కాళ్లు అరిగి కిందికి అణిగిపోయి ఉంటాయి, అడుగున కూడా గాలి చీలికలు ఉంటాయి కదా. నాలుగు మూలలా సీసా మూతలు పెట్టి కాస్త ఎత్తండి.

ఇంతా చేసినా చాలకపోతే అప్పుడు ఫ్యాను పెట్టండి. యూఎస్‌బీతో నడిచే 120 మిల్లీమీటర్ల ఫ్యాను కొని పై రంధ్రం దగ్గర, గాలి బయటికి తోసేలా బిగించండి. చిన్న ఫ్యాను వేగంగా తిరిగి రొద పెడుతుంది, పెద్దది నెమ్మదిగా తిరిగి అంతే గాలి లాగుతుంది. దీన్ని టీవీ వెనక యూఎస్‌బీకి తగిలించే పొరపాటు చాలామంది చేస్తారు. చాలా టీవీల్లో టీవీ ఆపగానే ఆ పోర్టు కూడా ఆగిపోతుంది, మీ రికార్డర్ మాత్రం మధ్యాహ్నమంతా పని చేస్తుంటుంది. పాత ఫోన్ ఛార్జరుకి తగిలించండి.

ఎయిర్ కూలరు గాలి బాక్సు మీదికి తిప్పకండి. కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు, అసలే గాలిలో తేమ. దానికి కూలరు తుంపర తోడైతే సర్క్యూట్లకి మంచిది కాదు. తడిగుడ్డ, ఐసు సంచి వంటివి అసలే వద్దు.

ఇక మీ బాక్సుకి ఇప్పటికే నష్టం జరిగిందా అన్నది తేల్చుకోవాలి. మధ్యాహ్నం రికార్డయి గళ్లు పడిన ఎపిసోడ్‌ని చెరపకుండా ఉంచి, తెల్లవారుజామున చల్లటి వేళ మళ్లీ చూడండి. బొమ్మ బాగా వస్తే రాసిన డేటా బాగానే ఉంది, వేడిలో చదవడంలోనే ఇబ్బంది. అదే నిమిషం దగ్గర అలాగే విరిగితే రాసేటప్పుడే పాడైంది, లేదా అక్కడ డిస్కు ఉపరితలం దెబ్బతింది. మామూలు డిస్కు సరిగా చదవలేని చోట మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ ఆగిపోతుంది. వీడియో కోసం చేసిన డిస్కు బొమ్మ ఆగకూడదని, తప్పు డేటానైనా సరే ఇచ్చి ముందుకి పోతుంది. తెర మీద గళ్లు అలా కూడా పుడతాయి. ఈ పరీక్షతో పాటు మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి మెనూలో సిగ్నల్ నాణ్యత అంకె చూడండి. మధ్యాహ్నం అది పడిపోతుంటే తప్పు డిష్షుదో కేబుల్‌దో, డిస్కుని అనవసరంగా అనుమానించాం అన్నమాట.

బాక్సు దానంతటదే ఆగి ఆన్ అవడానికి నేను డిస్కు కంటే పవర్ సప్లైని ఎక్కువ అనుమానిస్తాను. అందులోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల వేడికి సగానికి పడిపోతుందన్నది ఎలక్ట్రానిక్స్‌లో అందరూ వాడే లెక్క. మీ బాక్సుకి బయట ఎడాప్టరు ఉంటే, దాని మీద రాసిన వోల్టేజీ, పిన్ను సరిగ్గా అవే ఉండి, ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ ఉన్న ఇంకో ఎడాప్టరుతో ఒక రోజు నడిపి చూడండి. ఆ ఎడాప్టరు కూడా వైర్ల గుట్టలో పడి ఉంటే బయటికి తీయండి, అదీ వేడెక్కే వస్తువే.

అమ్మగారి రికార్డింగులు పోకుండా డిస్కు తీసి కంప్యూటరుకి పెట్టి కాపీ చేద్దామనుకుంటే కుదరదు. డీటీహెచ్ రికార్డింగులు గుప్తీకరించి ఉంటాయి, ఆ బాక్సులోనే తెరుచుకుంటాయి. చూడాల్సినవి చూసేయమని అమ్మగారికి ముందే చెప్పండి.

ప్రశ్న: గుంటూరులో మిర్చి యార్డుకి దగ్గర్లో ఉంటాం. పాత కంప్యూటరుకి డిష్ ట్యూనరు పెట్టి సొంతంగా టీవీ రికార్డరు తయారుచేసుకున్నాను. రాత్రిళ్లు హార్డ్ డిస్కు గుర్రుమనే శబ్దం వినిపిస్తోందని దాన్ని స్పాంజి మీద పడుకోబెట్టాను. శబ్దం పోయింది, కానీ డిస్కు 46 నుంచి 54కి పోయింది. ఎందుకు?

జవాబు: స్పాంజి శబ్దంతో పాటు వేడిని కూడా ఆపేసింది కాబట్టి. స్క్రూలతో ఇనుప ఫ్రేముకి బిగించిన డిస్కు తన వేడిలో కొంత ఆ ఇనుముకి ఇచ్చేస్తుంది. స్పాంజి మీద ఆ దారి మూసుకుపోయింది. పైగా సర్క్యూట్ బోర్డు ఉండే అడుగు భాగం స్పాంజిలో కూరుకుపోయి ఉంటుంది. రబ్బరు వాషర్లు వేసి ఫ్రేములోనే వేలాడదీయండి, పైనా కిందా వేలు దూరేంత ఖాళీ ఉంచండి, ముందువైపు నుంచి 120 మిల్లీమీటర్ల ఫ్యాను గాలి డిస్కుకి రెండు వైపులా తగిలేలా పెట్టండి. వేగం తగ్గించే చిన్న రెసిస్టరు కేబుళ్లు దొరుకుతాయి. డిస్కు మీద గాలి కొంచెం కదిలినా చాలు, అంకె గట్టిగానే పడుతుంది. పూర్తి వేగం అక్కర్లేదు. డిస్కు లేబుల్ పక్కన మూయవద్దని రాసి ఉండే చిన్న రంధ్రం మీద టేపు గానీ స్పాంజి గానీ పడకుండా చూసుకోండి.

మీ దగ్గర అసలు శత్రువు మిరప ధూళి. అది నూనె పట్టి ఫ్యాను రెక్కలకీ జాలీకీ అతుక్కుంటుంది, ఊదితే పోదు. గాలి వచ్చే వైపు ఉతుక్కోగలిగే జాలీ పెట్టి, యార్డులో సరుకు జోరుగా వచ్చే నెలల్లో తరచుగా కడిగి ఆరబెట్టండి. స్మార్ట్ వివరాలు (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే పట్టిక) చూసే అలవాటు ఉంది కాబట్టి 194 వరసలో ఉష్ణోగ్రతతో పాటు 5 (చెడిపోయి మార్చిన చోట్లు), 197 (చదవలేక అనుమానంలో పెట్టిన చోట్లు) వరసలు కూడా చూడండి. ఆ రెండింటి అసలు విలువలు సున్నా నుంచి పెరగడం మొదలైతే డిస్కుని చల్లబరచడం కాదు, మార్చడమే.

ప్రశ్న: ఇదే రకం సొంత రికార్డరులో హార్డ్ డిస్కు తీసేసి ఎస్‌ఎస్‌డీ (చిప్పుల మీద డేటా దాచే డిస్కు) వేస్తే వేడి గొడవ పోతుంది కదా? ఎప్పుడూ రాస్తూ ఉంటే అది త్వరగా అరిగిపోతుందని భయం. (విజయవాడ పటమట నుంచి)

జవాబు: లెక్క వేసి చూద్దాం. హెచ్‌డీ ఛానల్ సెకనుకి 8 మెగాబిట్లు అనుకుంటే గంటకి 3.6 జీబీ. రోజంతా ఆపకుండా రాస్తే 86 జీబీ చిల్లర. 500 జీబీ సామ్‌సంగ్ 870 ఈవో లాంటి దాని మీద మొత్తం రాయగల డేటాకి వారంటీలో ఇచ్చిన హద్దు 300 టెరాబైట్లు, అంటే 3 లక్షల జీబీ. భాగిస్తే తొమ్మిదేళ్లకి పైనే. రెండు ఛానళ్లు ఒకేసారి రాసినా నాలుగున్నరేళ్లు. కాబట్టి నిశ్చింతగా వేసుకోండి, తిరిగే మోటారు లేదు కనుక వేడీ తక్కువ, చప్పుడూ లేదు. ఒకే షరతు, డిస్కులో ఐదో వంతు ఎప్పుడూ ఖాళీగా ఉంచండి.

ప్రశ్న: వన్‌టౌన్‌లో మా షాపులో సీసీ కెమెరాల డీవీఆర్‌ని (కెమెరా దృశ్యాలు రికార్డు చేసే పెట్టెని) దొంగలకి అందకుండా సీలింగ్ దగ్గర చెక్క పెట్టెలో పెట్టి తాళం వేశాం. రెండేళ్లలో రెండు డిస్కులు పోయాయి.

జవాబు: గదిలో అన్నిటికంటే వేడిగాలి ఉండేది సీలింగ్ దగ్గరే, దాని మీద చెక్క పెట్టె. డీవీఆర్‌ని కౌంటర్ కింద మోకాలి ఎత్తులో, జాలీ తలుపున్న ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేయండి. ఈసారి కంప్యూటర్ డిస్కు కాకుండా సీసీ కెమెరాల కోసం చేసిన డిస్కే అడిగి కొనండి. మార్చేటప్పుడు డీవీఆర్ ఫ్యాను తిరుగుతోందో లేదో చూడమని మెకానిక్‌కి చెప్పండి. ఫ్యాను చచ్చిపోయి ఉంటే మూడో డిస్కూ నిలవదు.