అభిషేకాన్ని అడ్డం పెట్టుకోవద్దు నాయనా

చిరంజీవి నాయనకు పెద్దమ్మ ఆశీస్సులు.

రేణిగుంట రోడ్డులో హాలు బాడుగకు తీసుకున్నావనీ, వచ్చే నెల నుంచి ఆదివారం ఆరాధన మొదలుపెడతావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి. సండే స్కూల్లో కంఠత వాక్యాలు తడబడకుండా చెప్పిన పిల్లోడివి, నీకీ పిలుపు వస్తుందని ఇంట్లో అందరం అనుకుంటానే ఉన్నాము. కానీ భయం కూడా వేసింది. నీది స్వతంత్ర సంఘం. పైన బిషప్పు లేడు, డయోసిస్ లేదు, తప్పు జరిగితే పిలిచి అడిగేవాళ్ళే లేరు. ఆ అడిగేవాళ్ళను నువ్వే ముందుగా పెట్టుకోవాల. జనం నిన్ను ప్రేమించడం మొదలుపెట్టినాక ఎవరూ పెట్టనివ్వరు. "మా అయ్యగారినే అనుమానిస్తారా" అంటారు.

సొసైటీల చట్టం కింద రిజిస్ట్రేషన్, ఏటేటా ఆడిట్, స్థలం కొంటే సంఘం పేరు మీదే కొనడం, ఇవన్నీ నీకు తెలిసినవే. కానుకల పెట్టె మాత్రం ఆరాధన కాగానే అందరి ముందే తెరవాల. చుట్టరికం లేని ఇద్దరు లెక్కపెట్టి, పుస్తకంలో రాసి సంతకాలు పెట్టాల. సోమవారం బ్యాంకులో కట్టాల. యెరూషలేము పేదల కోసం పోగైన చందాను పౌలంతటివాడే ఒంటరిగా మోసుకుపోలేదు, సంఘాలు ఏర్పరచిన మనుషుల్ని తోడు పెట్టుకున్నాడు.

ప్రార్థన గది తలుపుకు గాజు పలక పెట్టించు. ఆడవాళ్ళు ప్రార్థనకు వస్తే పక్కన ఇంకొక పెద్దామె ఉండాల, తలమీద చెయ్యి ఆమే పెట్టాల. రాత్రిపూట వాట్సాప్‌లో ఓదార్పులు వద్దు. యూత్ క్యాంపులో పిల్లలతో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళుండాల, ఒక్కడే ఉండకూడదు. మొగుడితో గొడవపడి నీ దగ్గర ఏడ్చిన ఆమె సంగతిని ప్రసంగంలో ఉదాహరణగా వాడొద్దు. పేరు చెప్పకపోయినా వీధంతా పోల్చుకుంటుంది.

స్వస్థత కూటాలు పెడతావు, పెట్టు. రుయా ఆసుపత్రిలో రాసిచ్చిన మాత్రలు ఆపమని మాత్రం నీ నోటినుంచి రాకూడదు. టీబీ మందు మధ్యలో మానేస్తే జబ్బు ఆ మందులకు లొంగకుండా ముదురుతుంది. మూర్ఛ మాత్ర ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికే వస్తుంది. నయం కానివాళ్ళతో "నీకు విశ్వాసం చాల్లేదు" అనడం కంటే క్రూరమైన మాట లేదు.

"దేవుడు నాతో చెప్పినాడు, నువ్వు ఫలానా వాణ్ణి చేసుకో, ఫలానా చేను అమ్మి కానుకియ్యి" అనే సేవకులు ఉన్నారు. ఆ మాటకు విశ్వాసి ఏమని ఎదురు చెప్తుంది? ప్రశ్నిస్తే "నేనభిషేకించినవారిని ముట్టకూడదు" అని 105వ కీర్తన ఎత్తుతారు. ఆ కీర్తనలో ఆ మాట అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు దిక్కులేక దేశాలు తిరుగుతున్నప్పుడు రాజులకు చేసిన హెచ్చరిక. బలవంతుడి చేతి నుంచి బలహీనుణ్ణి కాపాడిన వాక్యం అది. దాన్ని తిప్పి బలహీనుల మీద కర్రలాగా వాడితే నేను ఊరుకోను, నువ్వైనా సరే. దావీదు రాజు అభిషిక్తుడే గదా, తప్పు చేసినప్పుడు నాతాను ప్రవక్త అతని ముఖం మీదే "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. సంఘాలు తరతరాలుగా చేసే తప్పు ఒకటుంది, లోపలే సర్దుకోవడం. సంఘంలో ఒకడు తనతో తప్పుగా ప్రవర్తించినాడని పాప తల్లికి చెప్తుంది. తల్లి పాస్టరమ్మకు చెప్తుంది. పెద్దలు తలుపులేసుకుని కూర్చుంటారు. వాడు మోకాళ్ళ మీద పడి ఏడుస్తాడు. "నువ్వు క్షమించకపోతే దేవుడు నిన్ను క్షమించడు" అని ఆ పాపకే చెప్తారు. దేవుని నామం దూషింపబడుతుందని బయటికి పొక్కనియ్యరు. వాణ్ణి పలమనేరుకో, నెల్లూరుకో పంపేస్తారు. అక్కడి తల్లులకు ఏమీ తెలియదు, పిల్లల్ని నమ్మి పంపుతారు. బోస్టన్‌లో కాథలిక్ పెద్దలు ఫాదర్లను ఒక చర్చి నుంచి ఇంకొక దానికి మారుస్తూ ఇదే చేసినారు. 2002లో పత్రిక బయటపెట్టినాక అక్కడి కార్డినల్ రాజీనామా చేసినాడు. బిషప్పులుంటేనే ఇట్ల జరుగుతుందని అనుకోవద్దు. స్వతంత్ర సంఘాలుగా నడిచే అమెరికా సదరన్ బాప్టిస్టుల కేంద్ర కార్యాలయం నిందితుల జాబితా రహస్యంగా పెట్టుకుంది. 2022లో బయటికొస్తే 700కు పైగా పేర్లున్నాయి.

"ఇద్దరు ముగ్గురు సాక్షులేరీ" అంటారు పెద్దలు. ఇట్లాంటి పని సాక్షుల ముందు ఎవడు చేస్తాడు? పొలంలో ఒంటరిగా దొరికిన అమ్మాయి కేకలేసినా రక్షించేవాడు లేకపోయెనని ద్వితీయోపదేశకాండం 22లో ఉంది. సాక్షి లేకపోయినా ధర్మశాస్త్రం ఆమె పక్షమే. మత్తయి 18 చూపించి ఆ బిడ్డను వాడితో ఒంటరిగా మాట్లాడమనేవాళ్ళూ ఉన్నారు. అట్ల ఎప్పటికీ చేయొద్దు.

బిడ్డ చెప్తే విను. తిప్పితిప్పి అడగొద్దు. ఆమె మాటలు ఆమె అన్నట్టే తేదీతో రాసిపెట్టు. నిందితుణ్ణి పిలిచి విచారించొద్దు, సాక్ష్యం చెరిపేస్తాడు, ఇంటి మీదికి మనుషుల్ని పంపుతాడు. అదే రోజు పిల్లల హెల్ప్‌లైన్ 1098కో, పోలీసులకో చెప్పు. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళ విషయంలో ఇది నీ ఇష్టం కాదు, పిల్లల మీద లైంగిక నేరాలను అడ్డుకునే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తప్పనిసరి. కింద పనిచేసేవాడి నేరాన్ని సంస్థ పెద్ద దాస్తే ఏడాది దాకా జైలు. నీ దగ్గర ఒప్పుకుని ఏడ్చినాడన్న కారణం నిన్ను కాపాడదు. తల్లి స్టేషన్‌కు భయపడితే చెప్పు, పాప వాంగ్మూలం ఇంట్లోనే తీసుకోవచ్చు, వచ్చే అధికారి యూనిఫాంలో ఉండకూడదు, వీలైనంతవరకు మహిళా ఎస్సై రావాల. పాప పేరు, బడి పేరు ప్రార్థన విన్నపాల్లో కూడా పలకొద్దు. విచారణ తేలేదాకా వాడు ప్రసంగ వేదిక ఎక్కకూడదు, సండే స్కూలు ఛాయలకు రాకూడదు. అది నువ్వే అయితే నువ్వూ దిగాల. ఆ సంగతి ఇప్పుడే బైలాలో రాసుకో, సంఘం బయటి ముగ్గురికి నిన్ను దింపే అధికారమియ్యి, అందులో ఇద్దరు ఆడవాళ్ళుండాల.

కమిటీలో మీ నాయనను ట్రెజరర్‌గా, నీ భార్యను సెక్రటరీగా రాసినావంట. ఇద్దరూ మంచివాళ్ళే, కానీ నిన్ను నిలదీయలేరు. పత్రాలు రిజిస్ట్రారు దగ్గరికి పోకముందే మార్చు. మీ నాయన నొచ్చుకుంటాడు, ఆయనతో నేను మాట్లాడతాను.

నీ పెద్దమ్మ