గేటుకి సెక్యూరిటీ పెట్టుకునే ముందు, అల్లుడూ

అల్లుడూ, అపార్ట్‌మెంట్‌కి నువ్వు సెక్రటరీ అయ్యావని, కొత్త సెక్యూరిటీ ఏజెన్సీని చూస్తున్నారని మీ అమ్మ చెప్పింది. మూడు కొటేషన్లు వస్తే అందరూ తక్కువ రేటు వైపే మొగ్గుతున్నారట. ఒకప్పుడు మేమూ అదే తప్పు చేశాం, అందుకే రాస్తున్నాను.

మేం పెట్టుకున్న ఏజెన్సీ అందరికంటే తక్కువకు ఒప్పుకుంది. వాళ్ళు పంపిన మనిషి పగలంతా ఇంకోచోట డ్యూటీ చేసి రాత్రికి మా గేటు దగ్గరికి వచ్చేవాడు, పాపం, నిద్రపోక ఏం చేస్తాడు? ఒక్క రాత్రిలో సెల్లార్లో రెండు బైకులు పోయాయి. స్టేషన్‌కి వెళ్తే ఎస్సై ముందు అడిగింది అతనికి పోలీస్ వెరిఫికేషన్ చేయించారా అని. ఏజెన్సీ దగ్గర అతని ఆధార్ జిరాక్స్ తప్ప ఇంకేం లేదు. వాళ్ళకి లైసెన్సే లేదని కూడా అప్పుడే తెలిసింది.

కాబట్టి రేటు మాట్లాడక ముందే పసారా లైసెన్స్, అంటే సెక్యూరిటీ ఏజెన్సీ నడపడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి, చూపించమను. 2005 నాటి చట్టం ప్రకారం అది లేకుండా ఏజెన్సీ నడపకూడదు. గడువు ఐదేళ్ళు, తేదీ చూసుకో. వేరే రాష్ట్రంలో తీసుకున్నది మన దగ్గర చెల్లదు, మన రాష్ట్రంలోనైనా ఏయే జిల్లాలకు ఇచ్చారో చదువు.

గార్డులకు ట్రైనింగ్ 160 గంటలు ఉండాలి, క్లాసులో 100, ఫీల్డులో 60. మాజీ సైనికులకు, మాజీ పోలీసులకు తక్కువ. సర్టిఫికెట్ చూడటంతో ఆగకు, వచ్చిన మనిషినే పక్కన కూర్చోబెట్టి ఎక్కడ నేర్చుకున్నావు, ఎన్ని రోజులు అని అడిగితే రెండు నిమిషాల్లో సంగతి తెలిసిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యం జీతం. మనం ఇచ్చే డబ్బులో గార్డు చేతికి ఎంత, పీఎఫ్, ఈఎస్‌ఐ ఎంత, ఏజెన్సీకి మిగిలేది ఎంత, విడివిడిగా రాసివ్వమను. రాయనంటే ఆ ఏజెన్సీ మనకొద్దు. పీఎఫ్ చలానా కాపీ నెలనెలా అడుగు, వాళ్ళు ఎగ్గొడితే పని చేయించుకున్న మన మెడకు చుట్టుకోవచ్చు. పన్నెండు గంటలు నిలబడే మనిషికి కడుపు నిండా జీతం అందకపోతే మన పిల్లల్ని ఏం కాపాడతాడు చెప్పు?

యూనిఫాం పోలీసులదిలాగో మిలిటరీదిలాగో ఉండకూడదు, చట్టం ఒప్పుకోదు. దర్జాగా ఉంటుందని కమిటీలో ఎవరైనా అన్నా నువ్వు వినకు.

అన్నట్టు, చెల్లి సంబంధం విషయంలో డిటెక్టివ్‌ని పెడదామని మీ నాన్న అంటున్నారట. పసారా లైసెన్స్ డిటెక్టివ్ పనికి ఇచ్చేది కాదు, అది చూపించి నమ్మించబోతే నమ్మొద్దు. ఉద్యోగం, చదువు, ఇంటి సంగతులు వాకబు చేయించుకోండి, తప్పు లేదు. అబ్బాయి కాల్ లిస్టు తెచ్చిస్తాననే వాడిని మాత్రం గుమ్మం ఎక్కనివ్వకండి, అది నేరం, అడిగిన మనమూ ఇరుక్కుంటాం.

అగ్రిమెంట్ కాపీ నాకు వాట్సాప్ చెయ్యి. ఆదివారం వస్తాను, సంతకం అప్పటిదాకా ఆపు.

మీ మామయ్య