తల్లీ, వాఖావ్ వెళ్లేముందు ఇది చదువు

తల్లీ,

మీ నాన్న రాత్రి ఫోన్ చేసి, నువ్వు స్నేహితులతో క్రెమ్స్ ఊళ్లో సైకిళ్లు అద్దెకు తీసుకుని, డాన్యూబ్ ఒడ్డున వాఖావ్ అనే ద్రాక్షతోటల లోయలో వైన్ చేసేవాళ్ల ఇళ్లు చూడబోతున్నావని చెప్పాడు. వైన్ అనే మాట దగ్గర ఆయన గొంతు తగ్గింది. నాకైతే గర్వంగా అనిపించింది, ఫోన్ పెట్టేశాక భయం పట్టుకుంది. వియన్నాలో పద్దెనిమిదేళ్లు ఉన్నవాణ్ణి, నేను చెప్పకపోతే ఎవరు చెప్తారు?

వియన్నా నుంచి క్రెమ్స్‌కు రైల్లో గంట ప్రయాణం. చేతిలో నగదు ఉంచుకో. గుమ్మం మీద ఫర్ చెట్టు కొమ్మల గుత్తి వేలాడుతుంటే ఆ ఇంట్లో హోయ్‌రిగర్, అంటే రైతు సొంత వైన్ అమ్మే చోటు, తెరిచి ఉందన్నమాట. సొంత తోట వైన్‌ను రైతు తన ఇంట్లోనే అమ్ముకోవచ్చని 1784లో ఆస్ట్రియాను ఏలిన రెండో జోసెఫ్ చక్రవర్తి ఉత్తర్వు ఇచ్చాడు, ఆ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. చిన్న ఇల్లే వెతుక్కో. తోటలో పనిచేసిన చెయ్యే నీకు గ్లాసు అందిస్తుంది, ఇది ఎక్కడ పండిందని అడిగితే కిటికీలోంచి ఆ రాతి గట్టును చూపిస్తారు.

ఇక ష్టుర్మ్ సంగతి. సెప్టెంబరులో వెళ్తున్నావు కాబట్టి అది తప్పకుండా కనిపిస్తుంది. సగం పులిసిన ద్రాక్షరసం, మబ్బుగా, నురగతో, అచ్చం మన ఈతకల్లులా ఉంటుంది. ఇంకా చక్కెర మిగిలి ఉంటుంది కనుక నాలుకకు మత్తు తెలియదు. నేను వెళ్లిన మొదటి ఏడాది పొద్దున్నుంచి ఏమీ తినకుండా మూడు గ్లాసులు తాగి సైకిలెక్కాను. డ్యుర్న్‌ష్టైన్ ఊరు దాటాక ముందు చక్రం రాతిగోడకు కొట్టుకుంది, ఎడమ మణికట్టు విరిగింది. అవతల పక్కన పడి ఉంటే నేరుగా నది వాలు. తోటలో ద్రాక్ష కోస్తున్న ఒక పెద్దావిడ పరిగెత్తుకొచ్చి, తన తలగుడ్డ విప్పి చెయ్యి కట్టి, రొట్టె తుంచి నా నోట్లో పెట్టింది. ఏం తిన్నావని ఆమె అడిగితే ఏమీ లేదన్నాను. మా అమ్మ కోప్పడినట్టే కోప్పడింది. చలికాలంలో ఆ మణికట్టు ఇప్పటికీ లాగుతుంది. ఇంట్లో మాత్రం మెట్ల మీద జారానని చెప్పాను, మీ నాన్నకు కూడా.

అందుకే, సైకిళ్లు తిరిగి ఇచ్చేశాకే గ్లాసు పట్టుకో. ముందు తిను. లిప్టావర్ అని మిరపపొడి, ఉల్లి కలిపిన జున్ను ముద్ద ఉంటుంది, నల్ల రొట్టె మీద రాసుకుని, పక్కన ష్టైన్‌ఫేడర్ తీసుకో. వాఖావ్ వైన్లలో అదే తేలిక, ఆల్కహాల్ 11.5 శాతం దాటదు. గ్రూనర్ ఫెల్ట్‌లీనర్ అనే తెల్ల ద్రాక్ష వైనే అడుగు, చివర్లో తెల్ల మిరియం ఘాటు తగులుతుంది. రొట్టెపొడి అద్ది వేయించిన మాంసం ముక్క, ష్నిట్సెల్, చెప్తే దానికి ఇంకొంచెం బలమైన రకం ఫేడర్‌ష్పీల్ బాగుంటుంది. ఆ పై రకం స్మరాగ్ద్ చాలా గొప్పదే కానీ 12.5 శాతం నుంచి మొదలవుతుంది, దాన్ని ఇంటికి తెచ్చి ఆవకాయన్నంతో మాత్రం తాగకు, ఆల్కహాల్‌కు కారం రెండింతలు మండుతుంది. వంకాయ వేపుడు, ముద్దపప్పు అయితే ఫేడర్‌ష్పీల్‌తో హాయిగా వెళ్లిపోతాయి, మీ పిన్నీ నేనూ ఎన్ని ఆదివారాలు అలా తిన్నామో.

ష్టుర్మ్ కొంటే సీసాను సంచిలో నిలబెట్టే తీసుకురా, మూత బిగించకు, లోపల ఇంకా పులుస్తూనే ఉంటుంది.

తిరుగు రైలు ఎక్కగానే ఒక మెసేజ్ పెట్టు. మణికట్టు సంగతి నువ్వు చెప్పొద్దు, ఈ ఆదివారం మీ నాన్నకు నేనే చెప్తాను.

బాబాయి